రాజుగారి చెవి వెనక మరక

మా వీధిలో ఆమెని అసలు పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. చిన్నా పెద్దా అందరికీ ఆమె భూతద్దం అక్కే. నా కళ్ళజోళ్ళ దుకాణం, ఆమె నాణేల దుకాణం గోడకి గోడ. ఆ రోజు మొదటి చప్పుడు వినబడింది నాకే, తలుపు అద్దం పగలగొట్టి లోపలికి దూకిందీ నేనే. ఆ తర్వాత ఎవరు ఏం చెప్పుకున్నా చివరికి "మీరు చూశారుగా, మీరు చెప్పండి" అని నా మీదే పడేవారు. అందుకే ఒకసారి మొదటినుంచీ చెప్పేస్తే సరిపోతుందనుకుంటున్నాను.

ఆమెది దెబ్బలు తిని పదునెక్కిన కన్ను. వాళ్ళ నాన్నకి పతకాలు అచ్చుకొట్టే కార్ఖానా ఉండేది. ఉక్కు దిమ్మ మీద బొమ్మ తిరగేసి చెక్కి, కింద వెండి బిళ్ళ పెట్టి, యంత్రంతో ఒకే ఒక్క పోటు పొడిచేవాడు. ఆ యంత్రం ఒకనాడు ఆయన రెండు వేళ్ళు మింగేసింది. మిగిలిన మూడు వేళ్ళూ కొట్టడానికి చాలేవి. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, వేడి ఆరని పతకం చేతిలో పెట్టి "తప్పెక్కడుందో చెప్పు" అనేవాడు. చెప్పలేకపోతే చెంప వాచేది. ఆలస్యంగా చెప్పినా వాచేది. తమ్ముడు ఆయన చెయ్యి లేవగానే బల్ల కిందకి దూరేవాడు. ఈవిడ మాత్రం కదిలేది కాదు. పళ్ళు బిగబట్టుకుని పతకం వంకే చూస్తూ కూర్చునేది.

పెళ్ళయ్యాక పెనం మీంచి పొయ్యిలో పడింది. మొగుడిది లారీల షెడ్డు. ఊరందరి ముందూ నోట్లో నాలుక లేనట్టుండే మనిషి, ఇంటి గుమ్మం దాటగానే నడుం బెల్టు విప్పేవాడు. ఒక సాయంత్రం అతను బెల్టు విప్పుతుంటే, ఆమె పొయ్యి మీద కాగుతున్న ఇనప మూకుడు తీసి అతని మోకాలి చిప్ప మీద వేసింది. అతను మళ్ళీ లేచి నిలబడేసరికి ఆమె పుట్టింట్లో ఉంది. అతను రమ్మనలేదు, ఆమె వెళ్ళలేదు.

"నాకు కోపమొస్తే కళ్ళు కనబడవు బాబాయ్. అందుకే కళ్ళతో చేసే పని పెట్టుకున్నా. పనిలో ఉన్నంతసేపు మనిషిలా ఉంటాను" అంది నాతో ఓసారి. నవ్వుతూనే అంది. నేనూ నవ్వేశాను.

నాన్న పోయాక అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి ఆ దుకాణం తెరిచారు. కార్ఖానా సామాను అంతా తుక్కు కింద పోయింది. నాన్న చెక్కిన ఉక్కు దిమ్మ ఒక్కటే మిగిలింది, పిడికిలికి నిండుగా వచ్చే బరువు. కాగితాలు ఎగరకుండా దాన్ని బల్ల మీద పెట్టుకునేవారు. తమ్ముడు వచ్చినవాళ్ళతో మాట్లాడేవాడు, ఆమె నాణేలు చూసేది. పాత నాణెం ఎంత అరిగిందో, ఎంత నిలిచిందో తేల్చి దానికి తరగతి చెప్పడం ఆమె పని. నాణేన్ని అంచులు పట్టుకునే తీసేది. దీపం కింద మెల్లగా వాల్చేది. తాకని నాణెమైతే వెలుగు దాని మీద బండిచక్రంలా తిరుగుతుంది. తుడిచిందైతే వెలుగు తిరగదు, అద్దంలా ఒక్కచోట పొడుస్తుంది. జుట్టు, కనుబొమ, చెంప, ఎత్తుగా ఉన్న చోట్లు ముందు అరుగుతాయి. ఆమె చూసేది అక్కడే. తోమి తెచ్చిన నాణెం చూస్తే మాత్రం తమ్ముడు ముందే పక్కకి తప్పుకునేవాడు. "అంట్లగిన్నెనుకున్నారా?" అని మొదలుపెట్టేదంటే వచ్చినవాడు చెప్పులు వెతుక్కోవాల్సిందే.

ఆమె దగ్గరికి ఒక పెద్దాయన వస్తుండేవాడు. రైలింజను నడిపి రిటైరైన మనిషి. అందరూ రైలు తాతగారనేవాళ్ళు. వయసులో ఉన్నప్పుడెప్పుడో పాతసామాన్ల కొట్లో దొరికిన ఒక పెద్ద వెండి నాణెం ఆయన దగ్గర ఉండేది. ఒకవైపు రాజుగారి తల, రెండోవైపు ఓడ. రాజుగారి నుదుటి నుంచి అంచుదాకా సన్నటి గీత ఉంది. అది గాటు కాదు, అచ్చే పగిలి పడిన గీత. అలా పగిలాక ఆ అచ్చు ఎక్కువసేపు నిలవలేదు కాబట్టి అలాంటి నాణేలు అరుదు. ఆమె దాన్ని చాలాసేపు చూసి, "తాతగారూ, నా చేతుల్లోకి దీనికి సాటి రాలేదు. మొదటి తరగతి" అంది. ఆయన ముసలి మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోయింది. ఆ మాట ఇంటికి తీసుకెళ్ళి భోజనాల దగ్గర కూతురికీ అల్లుడికీ చెప్పాడు. పొద్దున్నే పాలవాడికి కూడా చెప్పాడట.

మరుసటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆ నాణెం మళ్ళీ వచ్చింది. తాతగారు రాలేదు, తెచ్చింది ఆయన అల్లుడు. ఇస్త్రీ చొక్కా, తడి జుట్టు, నవ్వు. లోపలికి వస్తూనే తలుపు గడియ వేసి "బయట దుమ్ము" అన్నాడు.

"మావయ్యగారు అమ్మెయ్యమన్నారండీ. మీరే చూశారటగా, మొదటి తరగతి అని. అదే రాసిచ్చేస్తే నేను వేరేచోట చూసుకుంటాను" అన్నాడు.

ఆమె అంచులు పట్టుకుని దీపం కింద వాల్చింది. చక్రం తిరగలేదు. నాణెమంతా కొత్త స్టీలు గ్లాసులా మెరుస్తోంది. పొడి వేసి, గరుకు గుడ్డతో బలంకొద్దీ తోమేశారు. ఆమె కణతలు బిగుసుకోవడం తమ్ముడు చూశాడు. తిట్లు మొదలవుతాయనుకుని పక్కకి జరిగాడు కూడా. తిట్లు రాలేదు. ఆమె భూతద్దం కంటికి ఆనించుకుంది. నుదుటి గీత ఉంది, అదే నాణెం. మెల్లగా చెవి దగ్గరికి వచ్చింది. చెవికీ జుట్టు ఉంగరాలకీ మధ్య సన్నటి లోయలాంటి చోటు ఉంటుంది, గుడ్డ అక్కడికి దిగదు. అక్కడ ఏదో ఉంది.

వెండికి కాలం పెట్టే రంగులు ఆమెకి కంఠతా. ముందు తేనె రంగు, తర్వాత నెమలి నీలం, చివరికి నలుపు. ఇది ఆ వరసలోది కాదు. ఎండి చిట్లిన పొర, అంచుల్లో ఇటుక ఎరుపు. ఆ పొరలో ఇరుక్కుని ఒక వెంట్రుక తునక ఉంది, తెల్లది.

ఆమె తల ఎత్తలేదు.

"తోమించారే?"

"మురికిగా ఉందని నేనే శుభ్రం చేశానండీ."

"తాతగారు ఒప్పుకున్నారా?"

"ఆయనే చెయ్యమన్నారు."

ఆ నాణెం మీద ఊపిరి తగిలినా గోలపెట్టే మనిషి తాతగారు. ఆమె భూతద్దం దించకుండానే, "తమ్ముడూ, తాతగారికి ఒకసారి ఫోన్ చెయ్యి. ఓడ వైపు గురించి ఏదో అడగాలి" అంది మామూలు గొంతుతో.

తమ్ముడు నొక్కాడు. ఫోన్ ఆ గదిలోనే మోగింది, అల్లుడి ప్యాంటు జేబులో.

రెండుసార్లు మోగేదాకా ముగ్గురిలో ఎవరూ కదల్లేదని తమ్ముడు నాకు చెప్పాడు. మూడోసారి మోగేలోపు అల్లుడు బల్ల మీదికి ఎక్కేశాడు. చేతిలో మడతకత్తి తెరుచుకుంది. ముందు తమ్ముడి గొంతుకే గురిపెట్టాడు. బల్ల కింద దాక్కునే ఆ పిల్లాడే, ఇప్పుడు జుట్టు నెరిసిన మనిషి, దాక్కోలేదు. ఒట్టి చేత్తో కత్తి అలుగు పట్టుకున్నాడు. అల్లుడు లాగాడు. చెరుకుగడ గీరినట్టు అరచెయ్యి నాలుగు వేళ్ళ మొదళ్ళ దగ్గర తెగింది. ఆ అరుపే నాకు గోడ ఇవతల వినబడింది.

అదే ఊపులో రెండో వేటు ఆమె మీద పడింది. చెవి కింద మొదలై పెదవి దాకా చెంప తెరుచుకుంది. దీపం కిందపడి బల్బు పేలింది. ఆమె చేతికి నాన్న దిమ్మ దొరికింది.

మొదటి దెబ్బ అతని మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు, కత్తి నేల మీద పడిన చప్పుడు ఒకేసారి వచ్చాయి. రెండోది భుజం. అతను వెల్లకిలా పడ్డాడు. నేను తలుపు అద్దం పగలగొట్టి చెయ్యి దూర్చి గడియ తీసి లోపలికి వచ్చేసరికి ఆమె అతని ఛాతీ మీద మోకాలు వేసి ఉంది. దిమ్మ లేస్తోంది, దిగుతోంది. అతని దవడ అప్పటికే దవడలా లేదు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట ఏముందో నేను చెప్పను. అతను చేతులు అడ్డం పెట్టుకోవడం కూడా మానేశాడు.

"ఆపక్కా! చచ్చిపోతాడు!" అని అరిచాడు తమ్ముడు.

నేను వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా వైపు తిరిగింది. చెంప వేలాడుతోంది, పళ్ళు కనబడుతున్నాయి. ఆ కళ్ళు నన్ను గుర్తుపట్టలేదు. దిమ్మ నా తలకి ఎదురుగా లేచింది. ఇరవై ఏళ్ళు పక్కపక్కన బతికిన మనిషి చేతిలో పోతున్నాను కాబోలు అనుకున్నాను. తమ్ముడు నెత్తురు కారుతున్న చేత్తోనే ఆమె నడుం చుట్టేసుకుని, "అక్కా, నేనే, నేనే, నేనే" అంటూ ఏడ్చాడు. దిమ్మ మెల్లగా కిందికి దిగింది.

ఆమె గోడకి ఆనుకుని కూలబడింది. పెదవి తెగి మాట సరిగ్గా రాలేదు. అయినా మొదట అన్నది ఒక్కటే. "తాతగారింటికి వెళ్ళండి."

పోలీసులతో నేనే వెళ్ళాను. కూతురు మిల్లు షిఫ్టులో ఉంది, వెనకగదికి బయట తాళం. లోపల మంచానికీ గోడకీ మధ్య ఆయన పడి ఉన్నాడు. తల మీద దెబ్బలు పడుతుంటే రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడట, నాణెం పిడికిట్లోనే ఉంచుకుని. ఆ పిడికిలి విప్పడానికి అల్లుడు వేళ్ళు ఒక్కొక్కటే విరిచాడు. మేము వెళ్ళేసరికి ఊపిరి ఉంది. ఆసుపత్రిలో కూతురు పక్కనే కూర్చుని పిలుస్తూనే ఉంది. ఆయన కళ్ళు తెరవకుండానే పోయాడు.

అల్లుడు బతికాడు. కేసు నడిచింది. అతని వకీలు నోరున్నవాడు. నాణెం మీద ఉన్నది తుప్పు అని వాదించి చూశాడు గానీ పరీక్షలో అది నెత్తురనే తేలింది. దాంతో అతను ఆమె మీదికి తిరిగాడు.

"మీరు కొడుతున్నప్పుడు నా క్లయింటు చేతిలో కత్తి ఉందా?"

"మొదటి దెబ్బకే పడిపోయింది."

"కిందపడ్డాక?"

"పడ్డాక కూడా కొట్టాను."

"ఆత్మరక్షణ కోసమా?"

ఆమె చెంప మీద కుట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "కాదు. వాడు చావాలని" అంది. మా వైపు వకీలు తల పట్టుకున్నాడు. అల్లుడికి యావజ్జీవం పడింది. ఆమె మీద కేసు పెట్టాలా వద్దా అని పోలీసులు చాలాకాలం నానబెట్టి, చివరికి పెట్టకుండా వదిలేశారు.

వదలనిది ఆమె. తమ్ముడి వేళ్ళు ముడుచుకోవడం లేదు, ఆ చేత్తో చెంచా కూడా పట్టుకోలేడు. దానికి ఆమె ఏడ్చింది, అది అర్థమయ్యే ఏడుపు. అర్థం కానిది ఇంకొకటి చెప్పింది నాకు. "కొడుతున్నంతసేపూ నాకు హాయిగా ఉంది బాబాయ్. చల్లగా, మంచినీళ్ళు తాగినట్టు. మా నాన్నకీ ఇలాగే ఉండేదా?"

కోర్టు నాణెం తిరిగి ఇచ్చేశాక తాతగారి కూతురు దుకాణానికి వచ్చింది. నూలు మిల్లులో పనిచేసే మనిషి, సన్నగా, గట్టిగా ఉంటుంది. అప్పటికి దుకాణం మళ్ళీ తెరిచి కొద్దిరోజులే. నేను ఏదో వంక పెట్టుకుని అక్కడే ఉన్నాను, ఏం జరుగుతుందోనని.

"పడ్డాక కూడా కొట్టానని కోర్టులో చెప్పారట" అంది ఆ అమ్మాయి.

"చెప్పాను."

"మరి ఆపారెందుకు?"

"నేను ఆపలేదమ్మా. వీళ్ళు ఆపారు."

ఆ అమ్మాయి తమ్ముడి చెయ్యి చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో కృతజ్ఞత ఉందో కోపం ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. సంచిలోంచి పోలీసు కవరు తీసి బల్ల మీద పెట్టింది.

భూతద్దం అక్క దాన్ని ముట్టుకోలేదు. "ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. సాటి లేదు అని. ఆయన ఇంట్లో చెప్పకపోయుంటే..."

"అలా అనకండి" అని అడ్డుపడింది ఆ అమ్మాయి. "మీరు ఆ మాట అన్నాక నాన్న ఎన్నాళ్ళో ఈల వేసుకుంటూ తిరిగాడు. అమ్మ పోయాక అప్పటిదాకా ఆయన ఈల వెయ్యడం నేను వినలేదు. ఉన్నది అదొక్కటే. అది కూడా లాక్కోకండి."

వీధిలో ఎవరో డబ్బాలు దొర్లించుకుంటూ పోయారు.

"చూడండి. ఇప్పుడెలా ఉందో చెప్పండి. ఉన్నదున్నట్టు" అంది కూతురు.

అక్క కవరు చింపి అంచులు పట్టుకుని బయటికి తీసింది. ఎడమ మోచెయ్యి బల్లకి ఆనించుకుని, భూతద్దం పెట్టుకుని, రాజుగారి వైపు చూసింది, తిప్పి ఓడ వైపు చూసింది. మళ్ళీ తిప్పింది. చాలాసేపు పట్టింది.

"పాడైపోయిందమ్మా. పైపొర మొత్తం పోయింది. ఇక తరగతి కట్టడానికి లేదు."

"నాన్న ఇచ్చినప్పుడు?"

"అప్పుడు దీనికి సాటి లేదు."

కూతురు తలూపింది. నాణెం తీసుకుని, కవరు వదిలేసి, జేబురుమాలులో చుట్టుకుంది. మిల్లు షిఫ్టుకి వేళవుతోందని గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది. తమ్ముడు బాగున్న చేత్తో కవరు ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేశాడు. భూతద్దం అక్క కాసేపు తన అరచేతులు చూసుకుంది. ఈలోపు ఎవరో ముసలాయన రాగి నాణేల సంచీతో గుమ్మంలోకి వచ్చి "ఖాళీయేనా అమ్మా?" అన్నాడు. ఆమె దీపం వెలిగించి, కూర్చోమని కుర్చీ చూపించింది.