రైటా అని అడిగితే

పద్దెనిమిదేళ్లుగా బస్సు కండక్టరుగా చేస్తున్న ఆమెకు నోట్లో ఒకటే మాట: రైట్. బస్సు కదలాలన్నా రైటే, టికెట్టు సరిగ్గా ఉన్నా రైటే. ఇంట్లో కూర ఉడికిందా అని అడిగినా రైటే. "నేనేమైనా బస్సుననుకున్నావటే?" అని అత్తగారు విసుక్కునేది.

ఆ రోజు జోరువాన. డ్రైవరు కొత్తవాడు, చేరి నాలుగు రోజులే అయింది. వంతెన మరమ్మతుకు దారి మూసేయడంతో ఇరుకు సందులో బస్సు వెనక్కి తీయాల్సి వచ్చింది. సందుకు కుడిపక్క లోతైన కాలువ. ఆమె తడుస్తూ దిగి బస్సు వెనక నిలబడింది.

"రైటా అక్కా?" అని డ్రైవరు అరిచాడు. స్టీరింగు కుడికి తిప్పాలా అని అతని ప్రశ్న.

వెనక అడ్డం ఏమీ లేదు. "రైట్, రైట్!" అంది. పోనిమ్మని ఆమె ఉద్దేశం.

అతను స్టీరింగు కుడికి తిప్పేశాడు. ఆమె "ఆపు!" అనేలోపే వెనక చక్రం గట్టు దాటి గాల్లో ఆగింది. లోపల ముప్ఫైమంది కేకలు. ఆమె ముందు తలుపు దగ్గరికి పరిగెత్తి, "తొయ్యకండి, ఒక్కొక్కరే రండి" అంటూ అందరినీ చెయ్యి పట్టి దించింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆఖరున డ్రైవరు దిగాడు.

"నా ఉద్యోగం పోయినట్టే కదక్కా?"

విచారణకు మూడు రోజుల గడువు. "ఏమీ చెప్పకుండా కూర్చునే రైట్ నీకుంది. వాడి తిప్పలు వాడు పడతాడు" అన్నాడు తోటి కండక్టరు. అత్తగారు మాత్రం, "ఆ మాట అన్నావా, లేదా? అనుంటే అన్నానని చెప్పు" అంది.

"రైట్ అన్నావా?" అని అడిగాడు విచారణలో అధికారి.

"అన్నానండీ."

"కుడిపక్క కాలువుందని తెలుసా?"

"తెలుసండీ."

కాగితం మీద ఆ రెండు జవాబులూ పక్కపక్కన పడేసరికి, బస్సును తనే కావాలని తోసినట్టు ఆమెకు అనిపించింది.

"నేను పోనిమ్మన్నానండీ. అతను కుడికనుకున్నాడు. ఏమడిగాడో సరిగ్గా తెలుసుకోకుండా జవాబిచ్చింది నేనే."

అధికారి అదీ రాసుకున్నాడు. చివరికి ఆమెను పదిహేను రోజులు పనికి రావద్దన్నారు, డ్రైవరును హెచ్చరించి వదిలేశారు.

ఇప్పుడు బస్సు వెనక్కి తీసేటప్పుడు ఆమె "కుడికి... ఎడమకి... పోనీ... ఆపు" అంటూ చేత్తో చూపిస్తూ విడివిడిగా చెబుతుంది. "ఇంతసేపా?" అని ప్రయాణికులు గొణుగుతారు. గొణగనీ అనుకుంటుంది.