మావయ్య చేతి దరఖాస్తులు

ఈ దీవి మీద, మా ప్రోతరాపూర్‌లో ఏడాదిలో సగానికి పైగా వానే. ఇనప బీరువా అన్నమాటే గానీ, లోపల పెట్టిన చీరలకు బూజు, కాగితాలకు చెమ్మ తప్పవు. మొన్న ఆదివారం కాస్త ఎండ కాసిందని మా అమ్మాయి బీరువా మొత్తం ఖాళీ చేసి వసారాలో ఆరబెడుతుంటే, అడుగు అరలోంచి మావయ్య ఫైలు బయటపడింది. గోధుమరంగు అట్ట, పక్కన తెల్లనాడా, అంచులన్నీ పురుగు కొట్టేసి ఉన్నాయి. నాడా విప్పి పైకాగితం చూసి, "అమ్మా, ఇది తెలుగే కదా? నాకు పఢ్‌నా రాదు, ఆగు" అని ఫోను తీసి దానికి ఫొటో కొట్టింది. ఫోనులోంచి ఒక ఆడగొంతు, జెట్టీలో ఓడ ఆలస్యమని చెప్పే అనౌన్స్‌మెంటులాగా, "విద్యాశాఖాధికారి గారి దివ్యసముఖమునకు" అంటూ మొదలుపెట్టింది. మావయ్య వాక్యాలు అవి. ఎక్కడ ఆగాలో ఎంతో ఆలోచించి పెట్టిన కామాలన్నిటినీ అది తొక్కుకుంటూ పోయింది. లాక్కుని నేనే చదువుదామనిపించింది. కానీ పిల్లను అనడానికి నాకు నోరు లేదు. ఇరవై ఏళ్ళ పిల్ల తన మావయ్య తాత రాసింది ఫోను చేత చదివించుకోవలసి వచ్చిందంటే, ఆ పాపం నాది.

మావయ్య అంటే మా అమ్మకు అన్నగారు. విశాఖపట్నంలో లా చదివి, అక్కడే ఒక చిన్న కోర్టులో రెండేళ్ళు నల్లకోటు వేసుకు తిరిగాడు. ఎదుటిపక్షం వాడు చెబుతున్నది కూడా నిజమే అనిపించడం ఆయన జబ్బు. ఆ జబ్బున్నవాడికి కేసులు ఎవరిస్తారు? టీచరు ట్రైనింగు చేసి, ఓడెక్కి, ఇక్కడి బడిలో తెలుగు మీడియం పిల్లలకు మాస్టారై వచ్చాడు. అప్పుడు నేను రెండో తరగతి. ఓడ దిగిన ట్రంకుపెట్టెలో బట్టలకంటె లా పుస్తకాలే ఎక్కువున్నాయని, వాటి బదులు రెండు బస్తాల బియ్యం తెచ్చుకున్నా బాగుండేదని అత్త చివరిదాకా అంటూనే ఉంది.

ఇక్కడ అయిదింటికల్లా తెల్లారిపోతుంది. మావయ్య అంతకు ముందే లేచి, నల్ల కాఫీ తాగి, రెండు రోజుల పాత తెలుగు పేపరు మొదటి అక్షరం నుంచి చివరన ఉన్న ప్రెస్సు అడ్రసు దాకా చదివేవాడు. ఎండ వచ్చిన ప్రతి ఆదివారం నల్లకోటును వసారా తాడు మీద ఆరేసి, కాలరు మీది బూజును పాత టూత్‌బ్రష్షుతో దులిపేవాడు. దాన్ని ఏడాదికి రెండుసార్లు, జెండా పండగలకు మాత్రమే తొడిగేవాడు. బస్సెక్కితే టికెట్టు వెనకవైపు కూడా చదివేవాడు. ఇంట్లో పులుసులో ఉప్పెక్కువైందని నేను ఫిర్యాదు చేస్తే, అత్తను పిలిచి, ఆవిడ చెప్పేది విని, ఇంకో ముద్ద తిని చూసి, బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇచ్చి వదిలేసేవాడు. "ఎక్కువైందని నాకూ తెలుసు, మాటాడకుండా తినండి" అనేది అత్త.

బడిలోనూ ఇంతే. పెన్సిలు పోయిందని ఏడ్చేవాణ్ణి ఒక పక్క, తీశాడని పేరుబడ్డవాణ్ణి ఇంకో పక్క నిలబెట్టి, ఇద్దరి మాటా పూర్తిగా వినేవాడు. మధ్యలో నవ్విన సాక్షి బయటికి పోవలసిందే. ఒక శనివారం ఏదో కాగితం తెచ్చి అందరం సంతకాలు పెట్టమన్నాడు. సంతకం అంటే పెద్దవాళ్ళ పని కదా, మేం ఎగబడి పెట్టేశాం. సోమవారం పొద్దున హాజరు అయ్యాక, "ఏమర్రా, మేకలు ఏవీ?" అన్నాడు. ఆ కాగితంలో ఉన్నది, సోమవారం నేను బడికి ఒక మేకను తీసుకువస్తానని ఒప్పుకొంటున్నాను, అని. ఆయన ముఖంలో నవ్వన్నది లేదు. నేను నిజంగానే మేక ఎక్కడ దొరుకుతుందా అని ఏడ్చాను. ఈనాటికీ గ్యాసు సిలిండరు రసీదు కూడా చదవకుండా సంతకం పెట్టను.

సాయంత్రమైతే వసారాలో అర్జీలు రాసేవాడు. ఊరికే. రేషన్ కార్డు, నీళ్ళ కనెక్షను, పింఛను, ఏదైనా సరే. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, ఏది కావాలంటే అందులో. ఒకసారి బడి ముందు బస్సు ఆపాలని ఆయన రాసిన అర్జీకి ఏడు నెలల తర్వాత నిజంగానే బస్సు ఆగింది. ఆ ఒక్క గెలుపు ఆయన్ను పాడుచేసిందని నాకు ఇప్పుడనిపిస్తుంది. ఉన్నది ఉన్నట్టు, సక్రమంగా కాగితం మీద పెడితే ఎవరో ఒకరు చదివి తీరతారని అప్పటినుంచి గట్టిగా నమ్మేశాడు.

ఆ వసారాకే ఇంగ్లీషు బడుల సీట్ల దరఖాస్తులూ వచ్చేవి. మా వీధిలో మావయ్య ఇంగ్లీషును మించిన ఇంగ్లీషు లేదు. మొదట వచ్చింది హార్డ్‌వేర్ షాపు బాబాయి, కొడుకు కోసం. వరసకు బాబాయి, మా తెలుగువాళ్ళ సంఘానికి పెద్ద. తర్వాత ఒకరి వెనక ఒకరు. తన క్లాసులోంచి పిల్లాణ్ణి తీసుకుపోవడానికి కాగితం తననే రాసిపెట్టమంటున్నారని మావయ్యకు తెలియకపోలేదు. "ఆలోచించుకున్నావా?" అని ఒక్కసారి అడిగి, ఊఁ అంటే రాసేసేవాడు. నేనూ వెళ్ళాను. ఆఫీసులో తోటి గుమాస్తాల పిల్లలందరూ అక్కడే చదువుతున్నారు, నా పిల్ల ఒక్కతే వెనకపడిపోతుందని భయం. నన్ను ఆ ప్రశ్న కూడా అడగలేదు. అమ్మాయి పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలో కనుక్కుని, గుండ్రటి అక్షరాలతో పేజీ నింపి ఇచ్చాడు. "అడగడానికి వచ్చినవాళ్ళకి రాసిపెట్టడమే నా పని పిల్లా. ఎవరికి రాయాలో ఏరుకుంటే అది వకీలుతనం కాదు" అన్నాడు. నాకు అప్పుడు సిగ్గు వేయలేదు. బరువు దిగిందనుకుని ఇంటికి వచ్చేశాను.

పన్నెండేళ్ళ కిందట, ఆయన రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళు ఉందనగా, తెలుగు విభాగంలో అన్ని తరగతులకూ కలిపి ఏడుగురు మిగిలారు. మూసేస్తారని మాట వచ్చింది. ఉద్యోగానికేం ఢోకా లేదు, ఇంకో గదిలో ఇంకో పని ఇస్తారు. కానీ ముప్పై ఏళ్ళుగా ఆ గదిలో తెలుగు చెబుతున్న మనిషి ఆయన. అది పోతే తను ఈ దీవికి వచ్చినట్టు గుర్తే మిగలదని అత్తతో అన్నాడట. నాతో అనలేదు. ఒక ఆదివారం సాయంత్రం సంఘం హాల్లో మీటింగు పెట్టారు. షాపు బాబాయి మాతృభాష గురించి కళ్ళనీళ్ళు పెట్టుకుని మాట్లాడాడు. అవి నిజమైన కన్నీళ్ళే. అందరం చప్పట్లు కొట్టాం. ఉప్మా, టీ అయ్యాక మావయ్య అర్జీ తీశాడు. రెండు ప్రతులు, ఒకటి ఆఫీసుకు, ఒకటి మనకు. కింద గడులు గీసి ఉన్నాయి: పేరు, అడ్రసు, ఈ విభాగంలో చదువుతున్న తమ బిడ్డ పేరు, తరగతి, ఆఖరున సంతకం.

సంతకానికి వచ్చిన కుర్ర తండ్రి ఒకడు నా పక్కకు వంగి, "దీదీ, ఇక్కడ ఏటి రాసుంది? పఢ్‌కే బతావ్ నా" అన్నాడు. చదివి చెప్పాను. వాడి ముఖం చిన్నబోయింది. సంతకం పెట్టి, బిడ్డ పేరు గడి వదిలేసి పోయాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. పదిమంది అయ్యేసరికి షాపు బాబాయి లేచాడు.

"మాస్టారూ, ఆ గడొకటి ఎందుకండీ? తీసెయ్యండి. సంతకాలు బోల్డన్ని ఒస్తన్నాయి గదా."

"నష్టపోయేది ఎవరో చెప్పకపోతే అర్జీ నిలబడదు బాబూ. నీకేటి సంబంధం అని అడుగుతారు. మొదటి ప్రశ్న అదే."

"అయితే ఏదో ఒక పేరు రాసేద్దాం. కౌన్ దేఖ్‌తా హై?"

"నేను చూస్తాను" అన్నాడు మావయ్య.

నా వంతు వచ్చింది. పేరు రాశాను, అడ్రసు రాశాను, సంతకం పెట్టాను. పెన్ను ఆ గడి మీద ఆగింది. మావయ్య నా ముఖం వైపు చూడలేదు. "ఖాళీగా వదలకూడదమ్మా, అడ్డగీత కొట్టు. లేకపోతే తర్వాత ఎవరైనా ఏదైనా రాసెయ్యగలరు" అన్నాడు మెల్లగా. నేను కొట్టలేదు. గీత కొడితే నాకేమీ సంబంధం లేదని నేనే రాసిచ్చినట్టు అవుతుంది. ఎప్పటికైనా నింపుతానన్నట్టు అలాగే వదిలేసి, పెన్ను వెనకనున్నవాళ్ళకు ఇచ్చేశాను.

ఆ ఏడుగురు పిల్లల తల్లిదండ్రులను హాలుకు పిలవాలని మా ఎవరికీ తోచలేదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన చేపల పనివాళ్ళు వాళ్ళు. మావయ్యే నా స్కూటరు వెనక ఎక్కి వాళ్ళ పాకల దగ్గరికి వెళ్ళాడు. మొదటి ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్న తండ్రి లేచి నిలబడి, చెప్పిందంతా విన్నాడు. "ఏలిముద్ర ఎయ్యమంటే ఏత్తాను మాస్టారూ. కానీ మా గుంటణ్ణి కూడా ఆ ఇంగిలీసు బడిలో ఏయించండి. సీటుకి కాయితం తవరే రాత్తారంట గదా" అన్నాడు. మావయ్య చేపల పెట్టె బోర్లించుకుని కూర్చుని, సంచీలోంచి తెల్లకాగితం తీసి, "ఆలోచించుకున్నావా?" అని అడిగాడు. ఆ పూట తక్కిన ఇళ్ళకు వెళ్ళలేదు.

అర్జీ మీద మాట్లాడడానికి ఆఫీసుకు రమ్మన్న రోజు నల్లకోటు తొడిగాడు. జెండా పండగ కాని రోజున ఆయన్ను అందులో చూడడం నాకు అదే మొదలు. నేనే స్కూటరు మీద తీసుకెళ్ళి, పక్కన కూర్చున్నాను. అధికారి కుర్రవాడు, మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. అర్జీ ఎవరి చేతనో చదివించుకున్నట్టున్నాడు, ఖాళీ గడుల వరస మీద పెన్సిలుతో పైనుంచి కిందికి ఒక గీత గీసి ఉంది. దాని గురించి అడగలేదు. ఒక లావుపాటి ఫైలు తెరిచి మావయ్య వైపు తిప్పాడు. తెలుగు విభాగం మానేసి ఇంగ్లీషు బడులకు వెళ్ళిన పిల్లల దరఖాస్తులు, అన్నేళ్ళవీ. అన్నిటికంటె పైన ఉన్నది చేపల పెట్టె మీద రాసినది. వాటి మధ్యలో ఎక్కడో నా కూతురిదీ ఉండాలి. "మాస్టర్‌జీ, యే సబ్ ఆప్ హీ కీ రైటింగ్ హై నా?" అన్నాడు. అన్నీ మీ చేతిరాతేనా అని వెటకారంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. మావయ్య ఒక్కొక్క కాగితమే తిప్పుతూ చివరిదాకా చూశాడు. ప్రతిదీ చదివాడనుకుంటాను, చాలాసేపు పట్టింది. "జీ సాబ్. సబ్ మేరీ హై" అన్నాడు. నేను ఏదో చెప్పబోతే చెయ్యి ఎత్తి వారించాడు. ఎదుటిపక్షం చెప్పేది నిజం అనిపిస్తే ఆయన ఏనాడూ వాదించలేదు, ఆరోజూ వాదించలేదు.

మూసివేత ఉత్తర్వు నెల తిరక్కుండానే వచ్చింది. ప్యూను ఇంటికే తెచ్చి, అందినట్టు సంతకం చెయ్యమన్నాడు. మావయ్య కాగితం తీసుకుని, మడత కూడా విప్పకుండా, ప్యూను చూపించిన చోట సంతకం పెట్టి ఇచ్చేశాడు. "చదవలేదు మావయ్యా" అన్నాను. "ఇంకేటి చదువుతానే" అని లోపలికి వెళ్ళిపోయాడు. మేకను తెమ్మని ఏడిపించిన మనిషి ఆయన. ఉత్తర్వు కంటె ఆ సంతకం నన్ను ఎక్కువ భయపెట్టింది.

తర్వాత ఆయన ఆరేళ్ళు బతికాడు గానీ, దాన్ని బతకడం అనడానికి నాకు మనసొప్పదు. రిటైరయ్యేదాకా ఏదో స్టాకు రిజిస్టరు చూశాడు. నల్లకోటు ఆరెయ్యడం మానేశాడు. అత్త ఒకసారి తీసి చూస్తే పచ్చగా బూజు తేలి, చెయ్యి వేసిన చోటల్లా చిరిగిపోయింది. ఎవరైనా అర్జీ రాసిపెట్టమని వస్తే చెయ్యి వణుకుతోందని పంపించేసేవాడు. ఆ చేతిలో కాఫీ గ్లాసు ఏనాడూ వణకలేదు. నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే నేనూ ఏదో ఒకటి అని, ఏడ్చి, క్షమించమని అడిగేదాన్ని. ఆ అవకాశం కూడా ఆయన నాకు ఇవ్వలేదు.

మొన్న వసారాలో ఫోను అర్జీ అంతా చదివేసి, పేర్లు చదవడం మొదలుపెట్టింది. పేరు, అడ్రసు, పేరు, అడ్రసు. ఖాళీ గడుల దగ్గర ఆగనైనా ఆగకుండా దాటుకుంటూ పోయింది. నా పేరు రాగానే మా అమ్మాయి ఫోను ఆపి, కాగితం మీదికి వంగింది. "అమ్మా, నీ పేరు పక్కన ఈ బాక్సులో ఏం రాయాలి?"

"నీ పేరు" అన్నాను.

"మరి రాయలేదేం?"

చెప్పాను. అంతా చెప్పాను. అది మావయ్య పోలికే. లోపలికి వెళ్ళి పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టింది. తన పేరు రాయమనే కాబోలు. నేను ఆ గడిలో మూల నుంచి మూలకు, ఆనాడు మావయ్య కొట్టమన్న అడ్డగీత కొట్టాను. చెమ్మకు మావయ్య సిరా అక్కడక్కడా అలుక్కుపోయింది. నేను ఖాళీగా వదిలేసిన ఆ కాస్త చోటును మాత్రం పన్నెండేళ్ళ కాలం తెల్లగా, చుక్క మరక లేకుండా నాకోసం దాచి ఉంచింది.