అడగడానికి వెళ్తున్న ఆమె

ఎన్నికల ముందు, ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో, నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని పక్కనున్న ఒకామె పలకరించింది. ఆమె కుడిచేతికి కట్టు ఉంది.

"చేతికి ఏమైందమ్మా?"

"మీటింగులో తోసేసినారు బాబూ. ఫ్యాక్టరీల కాడ ఆసుపత్రి ఎప్పుడు కడతారని, ఎన్నికల్లో నిలబడినోళ్లందర్నీ అడుగుతున్నాను. ఒక్కడూ సెప్పలేదు. ఇంకొకాయన మీటింగు మేదినీపూర్లో ఉందట, ఎల్తున్నాను."

"ఇంత కష్టం దేనికమ్మా? ఎవరో ఒకరికి ఓటు వేసెయ్యండి," అన్నాను.

ఆమె నా వైపే చూసింది.

"మిషన్ కాడ దెబ్బ తగిల్నప్పుడు మా ఆయన్నీ అలాగే ఏదో ఒక ఆటోలో ఏసేసినారు. దారిలోనే పోయినాడు."

రైలు రాగానే ఆమె ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కింది. సంచీ నేను అందించాను.

ఆ ఎన్నికల్లో ఓటు వేయడానికి వెళ్లి, బటన్ల ముందు చాలాసేపు నిలబడిపోయాను. పోలింగ్ ఆఫీసరు రెండుసార్లు తొందరపెట్టాడు.