మా అక్క సవతులు

మా అక్క మాధవికి లోకంలో ఎవరిని చూసినా కుళ్ళే. ఈ మాట నేను చాటుగా అనడం లేదు, ఆవిడే అందరి ముఖం మీదా చెప్పేది. మామూలు మనుషులు ఈర్ష్యను కడుపులో పెట్టుకుని పైకి నవ్వుతారు. అక్కకి ఆ ఓపిక లేదు. గుడివాడలో మా పక్కింటి హర్షిణి కొత్త మిక్సీ కొంటే పిట్టగోడ దగ్గరికి వెళ్ళి, "నాకు చాలా కుళ్ళుగా ఉందమ్మా, ఒకసారి పప్పు రుబ్బి చూపించు" అంది. చిలకలపూడి గిల్టు గొలుసు వేసుకుని పెళ్ళికి వెళ్తే, అసలు బంగారం పెట్టుకున్నవాళ్ళని చూసి కుళ్ళుకునేది. అసలు బంగారం పెట్టుకుని వెళ్తే, దొంగల భయం లేకుండా హాయిగా తిరుగుతున్న చిలకలపూడి గొలుసులవాళ్ళని చూసి కుళ్ళుకునేది. జ్వరంతో మంచం ఎక్కినవాళ్ళని పలకరించడానికి వెళ్ళి, అన్నీ మంచం దగ్గరికే వస్తున్నాయి కదా, ఎంత అదృష్టమో అని నిట్టూర్చి వచ్చేది.

మా బావ వెంకటాద్రి ఊరి బయట ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. నేను అదే కాలేజీ ఆఫీసులో గుమాస్తాని, ఉండేది వాళ్ళింట్లోనే. తొంభై ఎనిమిదిలో బావ పీహెచ్‌డీ మొదలుపెట్టారు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి షుగరు ఉంటే లోపల బిడ్డకి ఏమవుతుంది అన్నది ఆయన విషయం. మనుషుల మీద చేసి చూడగలిగే పని కాదు కాబట్టి, హైదరాబాదు నుంచి తెల్ల ఎలుకలు దిగాయి. వాటికి సూదిమందుతో షుగరు తెప్పించాలి. కడుపులు నిలిచాక సగం ఎలుకలకి ఇన్సులిన్ ఇచ్చి, మిగతా సగానికి ఇవ్వకుండా, పిల్లలు ఎలా పుడతాయో చూడాలి.

అప్పటినుంచి బావకి ఇంట్లో వేరే మాట లేదు. ఒకరోజు కంచం ముందు దిగాలుగా కూర్చుని, మూడో బోనులోది పొద్దుటినుంచి సరిగ్గా తినలేదు అన్నారు. నిన్న తను ఏకాదశి ఉపవాసం ఉన్న సంగతి తెలుసా అని అక్క అడిగింది. ఆయనకి తెలియదు. ఆ పూటనుంచి ఆ ఎలుకలు మా ఇంట్లో సవతులైపోయాయి. కరెంటు పోతే విసనకర్ర తీసుకుని, "మీ సవతులకి కూలర్ ఆగకుండా జనరేటర్ వేశారా?" అని అడిగేది. ఆయన అమాయకంగా, వేశాం అనేవారు.

చివరికి ఉండబట్టలేక, మధ్యాహ్నం క్యారేజీ తెచ్చే నెపంతో అక్క కాలేజీకి వచ్చేసింది. ఎలుకలు ఉండే గదిలో అడుగుపెట్టగానే చల్లగాలి తగిలి ఆవిడ ముఖం మాడిపోయింది. రైస్‌మిల్లు నుంచి తెప్పించి, దుమ్ము లేకుండా జల్లించిన ఊక మీద అవి పడుకుని ఉన్నాయి. తినడానికి మొలకెత్తిన శనగలు. అది చాలదన్నట్టు, ఏది ఏదో గుర్తుపట్టడానికి బావ ఒకదాని తలకి, ఒకదాని వీపుకి పసుపుపచ్చ రంగు మందు పూస్తున్నారు.

"పెళ్ళయిన కొత్తలో మా అమ్మ నా కాళ్ళకి కాస్త పసుపు రాయమంటే మీరు సిగ్గుపడి పెరట్లోకి పారిపోయారు. గుర్తుందా?" అంది అక్క. విద్యార్థులు పుస్తకాల వెనక తలలు దాచుకున్నారు. బావ చేతిలోని ఎలుక ఒక్కటే ఆవిడ వైపు సూటిగా చూసింది.

ఇక రోజూ రావడం మొదలుపెట్టింది. బయటివాళ్ళు ఆ గదిలోకి రాకూడదని చెప్పడానికి ప్రిన్సిపాల్ కొండలరావు గారు స్వయంగా వచ్చారు. ఆయన తిరిగే కుర్చీ అంటే తనకి ఎంత కుళ్ళో అక్క వివరంగా చెప్పింది. ఆయన మళ్ళీ రాలేదు. భార్యకి పరిశోధన మీద ఆసక్తి కలిగిందనుకుని బావ పొంగిపోయి ప్రతిదీ విప్పి చెప్పారు. తోక చివర చిన్న చుక్క రక్తం తీసి షుగరు ఎలా చూస్తారో, షుగరు ఎక్కువైన ఎలుక నీళ్ళ సీసాని ఎంత తొందరగా ఖాళీ చేస్తుందో, దాని ఊక ఎందుకు అస్తమానం తడిసిపోతుందో, అన్నీ. సవతి ఏం తింటోందో ఏం తాగుతోందో అక్క కన్ను వేసి చూసేది కాబట్టి, కొన్నాళ్ళకి ఏ బోనులోదానికి షుగరు ఉందో సీసా చూసే చెప్పేసేది.

కానుపులు అయ్యాయి. ఇన్సులిన్ ఇచ్చిన తల్లులకి గులాబీరంగు పిల్లలు, వేలి కొసంత, చకచకా కదులుతూ పుట్టాయి. ఇవ్వనివాటికి కొన్ని కడుపులోనే పోయాయి. కొన్ని మరీ లావుగా పుట్టి, తెల్లారేసరికి కదలడం మానేశాయి. అక్క ఆ బోనుల వరస ముందు చాలాసేపు నిలబడింది. ఆ రోజు ఆవిడ ఎవరి మీదా కుళ్ళుకోలేదు. క్యారేజీ అక్కడే మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయింది.

మా వీధికి కొండమ్మ అని ఒక చేపలావిడ వచ్చేది. బందరు అవతల గిలకలదిండి నుంచి పొద్దుటి ప్యాసింజరులో గంప దింపుకుని, ఎండ ఎక్కేలోపు అమ్ముకుని పోయేది. అప్పటికి ఆవిడకి ఏడో నెల. కొండమ్మ మంచి పండుగప్ప చేపని ఎప్పుడూ హర్షిణికే ఇస్తోందని అక్కకి పాత కుళ్ళు ఒకటి ఉండేది. ఒకరోజు ఆ పోట్లాటకే గుమ్మంలోకి వెళ్ళింది. కొండమ్మ ముందు మంచినీళ్ళు అడిగింది. చెంబు ఎత్తి గటగటా తాగేసి, ఇంకో చెంబు అడిగింది. హర్షిణి వాళ్ళింట్లో ఇప్పుడే తాగొచ్చానని తనే చెప్పింది. అక్క చేప సంగతి మరిచిపోయింది. మొదటి కాన్పు ఎలా జరిగిందని అడిగింది. మగపిల్లాడు, బొద్దుగా ఉన్నాడు, కానీ ఊపిరి తీయలేదు అని కొండమ్మ గంప సర్దుకుంటూ చెప్పింది.

అక్క ఆవిడని రైలుకి పోనివ్వకుండా ఇంట్లో కూర్చోబెట్టి కాలేజీకి కబురు పెట్టింది. మధ్యాహ్నం బావ ఇంటికి రాగానే, కొండమ్మ వేలినుంచి ఒక చుక్క తీసి కాలేజీలో షుగరు చూడమని అక్క పట్టుబట్టింది. అది ఎలుకల కోసం పెట్టిన లేబొరేటరీ, మనుషులకి చూడకూడదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి అని బావ నిదానంగా చెప్పారు.

"మీ ఎలుకలకి రోజూ చూస్తారు. నాకు మాత్రం ఎవరు చూశారండీ అప్పుడు?" అంది అక్క.

బావ అన్నం కలపడం ఆపేశారు. వాళ్ళకి పుట్టిన ఒక్క బిడ్డ నాలుగున్నర కిలోలు. ఎంత బొద్దుగా ఉందో అని అందరూ మెచ్చుకుంటుండగానే పోయింది. ఆ తర్వాతే బావ ఈ విషయం ఎంచుకున్నారు. ఎందుకు ఎంచుకున్నారో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఆయన లేచి చెయ్యి కడుక్కుని, "పద, డాక్టరమ్మ దగ్గరికి నేనూ వస్తాను" అన్నారు.

షుగరు బాగా ఎక్కువగానే ఉంది. రెండు పూటలా ఇన్సులిన్ వెయ్యాలన్నారు డాక్టరమ్మ. ఆ మందు చల్లగా ఉండాలి, కొండమ్మ ఇంట్లో ఫ్రిజ్ లేదు. కాన్పు అయ్యేదాకా మా ఇంట్లోనే ఉండమని అక్క తేల్చేసింది. వీధివాళ్ళు అడిగితే, కొండమ్మని ఇంట్లో పెట్టుకుంటే పండుగప్ప ఇక హర్షిణికి దక్కదని చెప్పుకుంది. గంప దించేసిన మనిషి చేపలు ఎక్కడినుంచి తెస్తుందని ఎవరికీ తోచలేదు.

వారం తిరక్కుండానే కొండమ్మ భర్త బాబ్జీ వచ్చాడు. కడుపుతో ఉన్నదానికి సూదులేంటి, మా ఇళ్ళల్లో ఇలాంటివి లేవు, తీసుకుపోతాను అన్నాడు. అక్క వాదించలేదు. అతన్ని తిన్నగా కాలేజీకి తీసుకెళ్ళి బోనుల ముందు నిలబెట్టింది. రెండో విడత కానుపులు అప్పుడే అయ్యాయి. ఇన్సులిన్ వేసిన వరస ఏదో, వెయ్యనిది ఏదో చెప్పింది. ఒక వరస పిల్లలు తల్లుల కింద కిచకిచలాడుతున్నాయి. రెండో వరసలో చాలా తల్లులు ఒంటరిగా పడుకుని ఉన్నాయి.

"ఎలక్కీ మడిసికీ పోలికేంటండీ అమ్మగారూ?" అన్నాడు బాబ్జీ.

"పోలికేం లేదు నాయనా. వీటిని రోజూ కనిపెట్టి చూసేవాడు ఒకడున్నాడు. నీ పెళ్ళానికి లేడు."

బాబ్జీ ఆ రెండో వరస వైపు ఇంకోసారి చూశాడు. సాయంత్రం రైలుకి ఒక్కడే వెళ్ళాడు. ఆ తర్వాత వారానికోసారి ఇంత చేప పట్టుకుని వచ్చేవాడు. అక్క అందులో సగం హర్షిణికి పంపేది, ఆవిడ ఏడుపు చూడలేక అని మాకు సంజాయిషీ చెప్పుకుంటూ.

కొండమ్మకి సూది వేసేదీ, కొలిచి అన్నం పెట్టేదీ, సాయంత్రం వీధి చివరిదాకా నడిపించేదీ అక్కే. తనకి ఈ రాజభోగం ఎవరూ చెయ్యలేదని పొద్దస్తమానం సణిగేది. ఆ సణుగుడు వినకపోతే కొండమ్మకి ముద్ద దిగేది కాదు. నొప్పులు మొదలైన రోజు ఆసుపత్రి వరండాలో అక్క సణగడం మరిచిపోయి ఆ చివరినుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉంది. లోపలినుంచి ఏడుపు వినబడ్డాకే బెంచీ మీద కూలబడింది. మూడు కిలోల ఆడపిల్ల, ఏ లోపమూ లేదు.

తల్లీబిడ్డలని గిలకలదిండిలో దింపి సాయంత్రానికి వచ్చేస్తానని వెళ్ళిన అక్క పది రోజులైనా రాలేదు. రోజూ సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, పిల్ల ఎలా ముక్కు చీదిందో, ఎలా తన్నిందో చెప్పేది. బావ నేను వండిన చారు పోసుకుంటూ వినేవారు.

పదకొండో రోజు ఫోన్ పెట్టేసి, "నేను తిన్నానో లేదో ఒక్క మాట అడగలేదోయ్. ఆ పిల్ల పుట్టి నెల కాలేదు, నా భార్యని లాగేసుకుంది" అన్నారు. ముఖం గంటుపెట్టుకుని చారు గిన్నె పక్కకి నెట్టేశారు.

పొద్దున్న లేచి చూస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని చెప్పులు తొడుక్కుంటున్నారు. బోనుల్లో నీళ్ళు మార్చడం మరిచిపోవద్దని నాకు చెప్పి, పిల్లకి ఒక గిలక్కాయ జేబులో వేసుకుని, బందరు ప్యాసింజరుకి బయలుదేరారు.