హైమవతి భాష

కోరుట్లలో నాది అద్దె పుస్తకాల దుకాణం. పేజీ మూల మడిచి తెచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇరవై ఏళ్లలో ఒక్క మూలా మడవని మనిషి పెంటయ్య. జగిత్యాల–సిరిసిల్ల బస్సులో కండక్టరు. మళ్లీ మళ్లీ తీసుకుపోయేది ఒకటే నవల. దాని పేరు అట్టతో పాటే ఊడిపోయింది. మేం హైమవతి పుస్తకం అంటాం.

అందులో హైమవతిది జగిత్యాలే. అయినా వానలో తడుస్తూ ప్రియుడితో, "మీరు లేని సాయంత్రాలను నేనేం చేసుకోను?" అంటుంది. జగిత్యాలలో అలా మాట్లాడేవాళ్లు ఏ గల్లీలో ఉంటారో పెంటయ్యకు అనుమానం రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ రాలేదు. టికెట్లు కొడుతూ కూడా ఆ మాటే గొణుక్కునేవాడు. ఇంట్లో భార్య పోశవ్వ బీడీలు చుడుతుంటే చదివి వినిపించేవాడు. ఆమెకు చదువు రాదు. హైమవతి అంటే భక్తి. ఎవరైనా చదువుకున్నవాళ్లు ఇంటికొస్తే మాత్రం లోపలికి పోయేది. "నాకు హైమవతి లెక్క మాట్లాడ రాదు గద" అనేది.

సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిపోయాయి. పెంటయ్య రోజూ దీక్షా శిబిరంలో మైకు పట్టుకునేవాడు. "సినిమాల్ల మన భాషను రౌడీలకు పెట్టిండ్రు, పనోళ్లకు పెట్టిండ్రు. మన అవ్వ మాట మనకు సిగ్గా?" అని అడిగేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. చేతులు నొచ్చేదాకా నేనూ కొట్టాను.

ఆ వారమే హైమవతి రెండో భాగం వచ్చింది. పెంటయ్య శిబిరంలోనే కూర్చుని చదివేశాడు. సాయంత్రం వచ్చి పుస్తకాన్ని బల్ల మీద పడేశాడు. నా ఖర్మ, మూల మడిచి ఉంది.

"ఖరాబు చేసిండ్రు మహబూబ్."

"ఏమైందన్నా, హైమవతిని సంపిండ్రా?"

"సంపితే మంచిగుండు."

మడిచిన పేజీ తీసి చూపించాడు. హైమవతి మళ్లీ వానలో నిలబడి, "నువ్వు లేకుంటె నాకు పొద్దెట్ల పోతదయ్యా?" అంటోంది.

"గీమె హైమవతా? మా పోశవ్వ లెక్క మాట్లాడుతది" అన్నాడు, ముక్కు చిట్లించి.

శిబిరంలో మైకు ఇంకా వేడిగానే ఉండి ఉంటుంది. నేను మడత సాపు చేసి పుస్తకాన్ని అరలో పెట్టాను.

మర్నాడు పోశవ్వ బీడీల చేట పట్టుకుని దుకాణానికి వచ్చింది.

"రెండో పుస్తకం మంచిగ లేదట. ఎందుకు లేదంటె చెప్తలేడు. నువ్వన్న సదివి ఇనిపియ్యి తమ్మీ."

సమ్మె రోజులు, గిరాకీ ఎలాగూ లేదు. చదివాను. పది పేజీలకే బీడీలు చుట్టే చేయి ఆగింది. వాన దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్లు నిండాయి.

"గీమె నా లెక్కనే మాట్లాడుతది!"

"అవునక్కా."

"పుస్తకాల్ల గూడ గిట్ల మాట్లాడొచ్చా?"

హైమవతి వానలో అన్న ఆ ఒక్క మాటను మూడుసార్లు చదివించుకుంది. ఆ మొహంలో అంత సంబరం నేనెప్పుడూ చూడలేదు. చూసి నాకే సిగ్గేసింది. తర్వాత తునికాకు చేతిలోకి తీసుకుంటూ అడిగింది.

"మరి గింత మంచిగుంటె ఆయనకెందుకు నచ్చలే?"

అబద్ధమాడటం నాకు చేతకాదు. నిజం చెప్పే ధైర్యమూ లేదు. పై అరలో ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాను. అంతలోనే నినాదాలతో గొంతు బొంగురుపోయి, మెడలో జై తెలంగాణ కండువాతో పెంటయ్య వచ్చాడు. ఆమె అదే ప్రశ్న అతన్ని అడిగింది. అతను పుస్తకం వైపు చూశాడు, నా వైపు చూశాడు. కండువా సర్దుకున్నాడు.

పోశవ్వకు అర్థమైంది.

"నా లెక్క మాట్లాడిందనా?"

"ఛ ఛ, నేను అలా అనలేదు పోశవ్వా. నువ్వు పొరపాటుగా అర్థం చేసుకున్నావు" అన్నాడు పెంటయ్య.

నవల చదివేటప్పుడు తప్ప అతని నోట ఆ భాష నేనెన్నడూ వినలేదు.

పోశవ్వ చేట ఎత్తుకుంది.

"గా అబద్ధమన్న మన మాటల్ల చెప్పయ్యా" అని మెట్లు దిగిపోయింది.