మాది కాదు, మనది

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరికీ సొంత కళ్లం ఉండేది కాదు. ఊరికి తూర్పున, ఇళ్లను ఆనుకుని పరుచుకున్న పెద్ద బండే అందరికీ కళ్లం. పాకాల నుంచి వచ్చే బస్సు దిగి నడుస్తుంటే మొదట ఆ బండ కనబడేది, తర్వాతే ఇళ్లు. వేరుశనక్కాయలు, రాగులు, చింతపండు, ఏ కాలంలో ఏది చేతికొస్తే అది దాని మీద ఎండేది. ఎవరు ఎక్కడ పోసుకోవాలని హద్దులేమీ లేవు. ముందు వచ్చినవాళ్లు పోసుకునేవాళ్లు, వెనక వచ్చినవాళ్లకు జరిగి చోటిచ్చేవాళ్లు.

నాకది నచ్చేది కాదు. లెక్కల పిచ్చి అప్పటికే ఉండేది. బడిలో చెప్పినదానికంటే తాడుతో, పుల్లతో నాకు నేనుగా కొలిచి నేర్చుకున్నదే ఎక్కువ. ఒక ఏడాది కాయలు ఎండబోసే కాలంలో బండనంతా తాడుతో కొలిచి, ఇళ్లవారీగా భాగించి, మా భాగం చుట్టూ బొగ్గుతో గీత గీశాను. పక్కింటి పెద్దమ్మ అక్కడ గంప దించబోతే, "ఈడ కాదు పెద్దమ్మా, ఇది మాది" అన్నాను. ఆమె గీతను చూసి, నన్ను చూసి, "అట్లనా సామీ, తమరి జమీను తెలీక తొక్కితిమి" అని గంప ఎత్తుకుని పోయింది.

మా అవ్వ అది విన్నది. మరుసటి రోజు మా కాయలను ఆ గీత లోపలే, ఒక్కటి దాటకుండా పోసింది. నాకు గర్వంగా ఉండింది. మధ్యాహ్నం దాటాక పడమట మబ్బు కమ్మింది. మబ్బు చూస్తే ఎవరి కాయలని చూడకుండా ఊరంతా బండ మీదికి పరిగెత్తి, దగ్గరున్న కుప్పను ఎత్తడం మా ఊరి అలవాటు. ఆ రోజు మాత్రం ఆడవాళ్లు తమ కాయలు ఎత్తిపెట్టుకుని, మా గీత బయట వరుసగా నిలబడిపోయారు. అవ్వ అరుగు మీద నుంచి కదల్లేదు. నేనొక్కడినే చేటతో ఎత్తి గంపలో పోస్తున్నాను. చినుకులు మొదలయ్యాయి. ఆ కాయలు తడిసి బూజు పడితే వచ్చే ఏటికి విత్తనం కూడా ఉండదని నాకు తెలుసు. ఏడుపు వచ్చింది.

"రాండి పెద్దమ్మా" అన్నాను.

"ఎట్ల వస్తాము నాయనా? గీతుండాది కదా" అంది పెద్దమ్మ.

"గీతేం లేదు, రాండి."

"ఎందుకు లేదు, బలే నున్నంగా గీసినావు. ముందు ఈ బండ ఎవురిదో చెప్పు."

"మనది" అన్నాను ఏడుస్తూ.

అందరూ నవ్వుకుంటూ గీత దాటి వచ్చారు. వాన పెద్దదయ్యేలోపు బండ మీద ఒక్క కాయ మిగల్లేదు. వాళ్లకు ముందే చెప్పిపెట్టింది మా అవ్వేనని తర్వాత తెలిసింది. సంగటి పెడుతూ అవ్వ అన్నది ఇంతే: "మాది అంటే ఎదురుగా ఉండే మనిషిని బయట నిలబెట్టినట్టురా. మనది అంటే లోపలికి పిలిచినట్టు."

చాలా ఏళ్లకు, నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక, టేపు పట్టుకుని ఒకాయన ఆ బండ మీదికి వచ్చాడు. గ్రానైట్ కోసమని మాకు తెలియదు. కొలతంటే ఇష్టం కొద్దీ టేపు రెండో కొస నేనే పట్టుకున్నాను. అవ్వ పక్కనే చింతపండు ఎండబెడుతోంది.

"ఈ బండ మీదేనా అవ్వా?" అని అడిగాడాయన.

"మాది కాదు నాయనా, మనది" అని అవ్వ అతని చేతికి మజ్జిగ చెంబు ఇచ్చింది. ఆయన నవ్వి తాగాడు.

యంత్రాలు దిగాక ఊరంతా తాసీల్దారు ఆఫీసుకు పోయాం. "మాది కాదని మీ పెద్దామే చెప్పిందంట కదప్పా" అన్నారు అక్కడివాళ్లు. ఆమె చెప్పిన రెండో మాట కూడా మేము చెప్పాం. "మనదంటే? టేపు పట్టుకొని వచ్చినాయనది గూడానా?" అని ఒకరు అడిగితే అక్కడున్నవాళ్లు నవ్వారు. నిజానికి అవ్వ అన్నదాని అర్థం అదే. అవునని చెప్పడానికి మాకు నోరు రాలేదు.

బండ దిమ్మెలు దిమ్మెలుగా లారీలెక్కి పోయింది. మందు పేలినప్పుడల్లా గోడలు పగుళ్లిచ్చాయి. గుంత లోతయ్యేకొద్దీ బావుల్లో నీళ్లు అడుగంటాయి. ఒక్కో ఇల్లూ ఖాళీ అయింది. పక్కింటి పెద్దమ్మ వాళ్లు మగ్గాల పనికి నగరి పోయారు, మేము పాకాల చేరాం. పోయిన ఏడు ఒకసారి వెళ్లి గట్టు మీద నిలబడి, అలవాటు కొద్దీ ఆ గుంతను కంటితోనే కొలిచాను. మా ఊరి ఇళ్లన్నీ ఎత్తి అందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. ఎత్తి పెట్టడానికి ఇళ్లే లేవు.

అవ్వ పాకాలలో, అద్దె ఇంట్లో పోయింది. చివరి నెలల్లో ఒకటే అడిగేది, "మాది అనింటే నిలిచేదా అబ్బోడా?" అని. నిలిచేది కాదవ్వా, నువ్వు ఏమన్నా వాళ్లు తవ్వేవాళ్లే అని ప్రతిసారీ చెప్పాను. ఆమె నమ్మలేదు. చెప్పిన నేనూ పూర్తిగా నమ్మలేదు.

అవ్వ నేర్పినదాన్ని నా పిల్లలకు నేర్పలేదు. తమది ఏదో వాళ్లు గట్టిగా చెప్పుకోగలరు, అదే మంచిదనుకుంటాను. నాకు మాత్రం ఇప్పటికీ దేని గురించైనా 'మనది' అన్న మాటే ముందు నాలుక మీదికి వస్తుంది. అప్పుడు ఎదురుగా ఎవరున్నారో ఒకసారి చూస్తాను. చూసి, ఊరుకుంటాను.