సిస్టర్లకు పెళ్లిచూపులు

మా సూర్యాపేట ఇంట్లో చెల్లేది నాయనమ్మ మాట ఒక్కటే. మా నాయన పేరుకు ఇంటి పెద్ద, అంతే. పోలీసు చర్య జరిగిన మరుసటేడు నేను స్కూలు చదువు ముగించినప్పుడు, నన్ను కాలేజీకి పంపాలని ఆయనకు ఉంది. తల్లికి ఎదురుచెప్పే ధైర్యమే లేదు. ఆంధ్ర వైపు క్రైస్తవ సిస్టర్లు కొత్తగా ఆడపిల్లల కాలేజీ పెట్టారు. అది ఇప్పుడు పెద్ద విశ్వవిద్యాలయమైంది కానీ, అప్పటికి రెండు పెంకుటిళ్లు. ఇటు చూస్తే మిర్యాలగూడ నుంచి నాకొక సంబంధం వచ్చి ఉంది. పిల్లవాడికి ముప్ఫై దాటాయట, మీసం మాత్రం బాగుంటుందట.

హాస్టల్లో చేర్చుకునే ముందు పిల్లల ఇళ్లకు వచ్చి చూడటం ఆ సిస్టర్ల పద్ధతి. ఇద్దరు కోదాడ బస్సులో వస్తున్నారని తెలియగానే నాయనమ్మ తేల్చి చెప్పింది.

"పిల్లను తీస్కపోయే ఇల్లు ఏదైతేంది? సూపులు సూపులే. వాళ్లు నాకు నచ్చకపోతే మిర్యాలగూడోళ్లకు మాటిస్త."

ఇంకేముంది, నాకు పట్టుచీర, తలనిండా పూలు, పొయ్యి మీద గారెలు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. సిస్టర్లు దుమ్ము కొట్టుకుపోయిన తెల్లబట్టలతో వచ్చి చాప మీద కూర్చున్నారు. గారెల పళ్లెం పట్టుకుని తల వంచుకుని వస్తున్న నన్ను చూసి బిత్తరపోయారు. ఒకామె తెల్ల దొరసాని, నవ్వడం తప్ప తెలుగు రాదు. రెండో ఆమెది గోదావరి వైపు.

నాయనమ్మ ఎదురుగా బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టింది.

"మీ ఇంట్ల అత్త ఎవరు?"

గోదావరి సిస్టరు చురుకైంది. "మా పెద్ద సిస్టరేనండి మామ్మగారూ. కాస్త కోపిష్టి."

"ఆడబిడ్డలు?"

"అందరం ఆడబిడ్డలమేనండి."

"ఓ యమ్మో! పిల్ల బతుకుతదా? మరి మొగోళ్లు?"

"తోటమాలి ఒక్కడే. ఆయనకు చెవుడు."

నాయనమ్మ మొహం కాస్త విప్పారింది. "బొట్టు తీయమంటరా?"

"లేదండి. ఎవరి బొట్టు వాళ్లదే."

"నీళ్లెవరు మోస్తరు? వంటెవరు చేస్తరు?"

"మనుషులున్నారండి."

"మరి పిల్ల పొద్దంత ఏం చేస్తది?"

"చదువుకుంటుందండి."

"అది సరే. పనేం చేస్తది?"

"అదే పనండి."

నాయనమ్మ నమ్మలేదు. అబద్ధం పట్టుకుందామన్నట్టు, గారె కొరుకుతున్న దొరసాని వైపు కూడా చూసింది. తర్వాత నన్ను నడిచి చూపించమంది, పాట పాడమంది. పాడాను. నా గొంతు విని కూడా వాళ్లు లేచి వెళ్లిపోలేదు. ఎంత మంచివాళ్లో నాకు అప్పుడే అర్థమైంది.

అంతలో గోదావరి సిస్టరు నా వైపు తిరిగింది.

"నీకు రావాలని ఉందా అమ్మా?"

పెళ్లిచూపుల్లో ఆ ప్రశ్న ఉండదు. నాయన వైపు చూశాను, ఆయన ఇంటి దూలాల వైపు చూశాడు. వెళ్లాలని ప్రాణం కొట్టుకుంటున్నా మళ్లీ తల వంచేసుకున్నాను.

నాయనమ్మ నా గడ్డం పట్టుకుని పైకెత్తింది. ఆమె గొంతు ఎప్పటిలా గయ్యిమనలేదు.

"సెప్పవే. నన్ను ఏడేండ్లకే తీస్కపోయిండ్రు. ఒక్కలన్న అడగలే. నిన్ను అడుగుతుండ్రు గదా, సెప్పు."

"పోత" అన్నాను, ఏడుస్తూనే.

నాయనమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఇన్నవా? మిర్యాలగూడోళ్లకు కబురు పెట్టు. మా అమ్మ ఒప్పుకోలేదని సెప్పకు. పిల్ల ఒప్పుకోలేదని సెప్పు."